మధ్యంతరం అంటే ప్రభుత్వం పడిపోయిందనుకునేరు: 2026లో అమెరికా చూడొచ్చేవాళ్ళకి

తుంగభద్ర రాసినది:

ఈ సెప్టెంబరు, అక్టోబరుల్లో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు సరిగ్గా ఎన్నికల వేడిలో దిగుతారు. కాకపోతే మన కళ్ళకి అది ఎన్నికలా కనపడదు. మైకు కట్టిన ఆటో ఉండదు, ఫ్లెక్సీ ఉండదు, గోడ మీద గుర్తు ఉండదు. పార్టీ మనిషి ఇంటికొచ్చినా దణ్ణం పెట్టి కాళ్ళావేళ్ళా పడడు, తలుపు పిడికి ఒక అట్టముక్క తగిలించి పోతాడు. హడావిడంతా టీవీలోనూ, ఇళ్ళముందు గడ్డిలో గుచ్చిన బోర్డుల్లోనూ ఉంటుంది.

ముందు మాట సంగతి. మన పేపర్లు వీటిని మధ్యంతర ఎన్నికలు అని రాస్తాయి. మధ్యంతరం అనగానే మనకి సర్కారు కూలిందనే తడుతుంది. అక్కడ ఏదీ కూలదు. అధ్యక్షుడి నాలుగేళ్ళ పదవికి నడిమధ్య వస్తాయి కాబట్టి ఆ పేరు, అంతే. 2026 నవంబరు 3న ప్రతినిధుల సభలో మొత్తం 435 సీట్లు, సెనేట్‌లో 35, గవర్నర్ పదవులు 36. ట్రంప్ పేరు ఏ బ్యాలెట్ మీదా ఉండదు, ప్రకటనలు మాత్రం ఎక్కువగా ఆయన చుట్టూనే.

రాజకీయం, అలవాట్లు రెండూ ఇక్కడే మాట్లాడుకుందాం. సొంత కథలు వద్దు, వాటికి వేరే థ్రెడ్‌లు బోలెడున్నాయి. ఏం జరుగుతుంది, ఎందుకు, ఎక్కడ తేడా కొడుతుంది. అంతవరకే రాయండి.

లెక్కలమాస్టారు రాసినది:

వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "వీళ్ళ ఎన్నికల సంఘం ఏం చేస్తోంది?" వీళ్ళకి మనలాంటి ఎన్నికల సంఘం లేదండీ. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అనే బోర్డు చూసి మోసపోవద్దు. అది చూసేది విరాళాల లెక్కలే. ఆరుగురు సభ్యులు, ఒక పార్టీ వాళ్ళు ముగ్గురికి మించకూడదు, ఏ నిర్ణయానికైనా నాలుగు ఓట్లు కావాలి. ఎన్ని నిర్ణయాలు వెలువడతాయో మీరే లెక్క వేసుకోండి.

ఎన్నిక నడిపేది రాష్ట్రం, రాష్ట్రం కింద కౌంటీ. కౌంటీలు దేశం మొత్తమ్మీద మూడు వేల పైచిలుకు. బ్యాలెట్ రూపం, ఏ గుర్తింపు కార్డు చెల్లుతుంది, ముందస్తు ఓటు ఎన్నాళ్ళు, పోస్టు ఓటు ఎవరికి, ఇవన్నీ రాష్ట్రానికో తీరు. నార్త్ డకోటాలో అసలు ఓటరు నమోదే లేదు. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సు ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు తప్ప కొత్త ఓటరు నమోదు ఆన్‌లైన్‌లో అవదు, ఫారం ప్రింట్ తీసి సంతకం పెట్టి పోస్టులో వెయ్యాలి. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ అమ్మే దేశం సంగతి ఇది.

రాష్ట్రంలో ఎన్నికల పెద్ద చాలా చోట్ల సెక్రటరీ ఆఫ్ స్టేట్. ఆయన కూడా పార్టీ టికెట్ మీద గెలిచిన మనిషే. 2018లో జార్జియాలో బ్రయాన్ కెంప్ ఆ పదవిలో కూర్చునే గవర్నర్‌గా పోటీ చేసి గెలిచారు. ఆయన రిపబ్లికన్. 2022లో అరిజోనాలో కేటీ హాబ్స్ కూడా అలాగే చేసి గెలిచారు. ఆవిడ డెమొక్రాట్. అంపైరే ప్యాడ్లు కట్టుకుని బ్యాటింగ్‌కి దిగినట్టు. చట్టం ప్రకారం తప్పేమీ లేదు.

బందరులడ్డు రాసినది:

మరి ఫలితం ఎవరు చెబుతారు మాస్టారూ? 2024 జూన్ 4న మనం కూర్చుని చూసినట్టు రౌండ్ల వారీగా ఒక వెబ్‌సైట్ ఉంటుందా?

లెక్కలమాస్టారు రాసినది:

దేశం మొత్తానికి అలాంటి అధికారిక వెబ్‌సైట్ లేదు. ఆ రాత్రి "ఫలానావారు గెలిచారు" అని చెప్పేది వార్తాసంస్థలు. అందులో అసోసియేటెడ్ ప్రెస్ 1848 నుంచీ ఈ పని చేస్తోంది. కౌంటీల నుంచి వచ్చే లెక్కలు కూడి, వెనకబడినవాడికి ఇక అందుకునే దారి లేదని తేల్చుకున్నాక పేరు ప్రకటిస్తుంది. ప్రభుత్వం ముద్ర వేసే ధ్రువీకరణ వారాల తర్వాత వస్తుంది, అప్పటికి ఎవరూ పట్టించుకోరు. కాలిఫోర్నియాలాంటి చోట్ల పోస్టు ఓట్ల కవర్ల మీద సంతకాలు సరిచూడటానికే వారాలు పడుతుంది. కాబట్టి మర్నాడు పొద్దున ఒకడు ముందుండి, వారానికి ఇంకొకడు గెలిస్తే రిగ్గింగ్ అని ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి.

పచ్చజొన్న రాసినది:

టెక్సస్ బ్యాలెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనవాళ్ళు ఎక్కువగా దిగేది డల్లాస్ చుట్టుపక్కలే కదా.

మనకి 2024 మే 13న ఆంధ్రాలో రెండు ఓట్లు: ఎంపీకి ఒకటి, ఎమ్మెల్యేకి ఒకటి. టెక్సస్ ఓటరు ముందు ఆ రోజు తెరలు తెరలుగా పేర్లు తిరుగుతాయి. సెనేటరు, ప్రతినిధి, గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరలు, ఖజానా లెక్కలు చూసే కంప్ట్రోలరు, భూముల కమిషనరు, వ్యవసాయ కమిషనరు, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు, క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు జడ్జీలు, జిల్లా జడ్జీలు, కౌంటీ జడ్జి, డిస్ట్రిక్ట్ క్లర్కు, జస్టిస్ ఆఫ్ ది పీస్. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ బ్యాలెట్ దేశంలోకెల్లా పొడవైనవాటిలో ఒకటి. 2020 నుంచి ఒకే మీటతో పార్టీ మొత్తానికి ఓటేసే వీలు కూడా తీసేశారు. ప్రతి పదవికీ విడివిడిగా నొక్కుకుంటూ పోవాలి.

ఇందులో ముత్యం ఒకటుంది: రైల్‌రోడ్ కమిషనర్. ముగ్గురుంటారు, ఆరేళ్ళ పదవి, రెండేళ్ళకొకరి సీటు బ్యాలెట్ మీదికొస్తుంది. ఈ కమిషన్‌కి రైళ్ళతో సంబంధం లేదు. మిగిలిన కాస్త రైలు పనీ 2005లో రవాణా శాఖకి పోయింది. ఇప్పుడు చూసేది చమురు బావులు, గ్యాస్ పైపులైన్లు. పేరు మారుద్దామని చాలాసార్లు ప్రతిపాదన వచ్చింది, మారలేదు. ఏటా వేల కోట్ల డాలర్ల చమురు మీద పెత్తనం చేసే పదవి అది. ఓటరేమో అక్కడికొచ్చేసరికి ఇదేదో రైలు టికెట్ల వ్యవహారం అనుకుని పార్టీ పేరు చూసి నొక్కేస్తాడు. తప్పు ఓటరుదంటే నేను ఒప్పుకోను.

గోదారిగట్టు రాసినది:

జడ్జిగారు పార్టీ టికెట్ మీద నిలబడతారా! మన దగ్గర జడ్జిగారు ఫలానా నాయకుడి పెళ్ళిభోజనంలో కనపడితేనే నాలుగు రోజులు చర్చ.

అన్నట్టు చాలా రాష్ట్రాల్లో కరోనర్ కూడా ఎన్నికయ్యేవాడే. అనుమానాస్పద మరణాల్లో కారణం తేల్చేది ఆయన. డాక్టరై ఉండాలన్న నియమం చాలా చోట్ల లేదు. శవపరీక్ష డాక్టరుచేత చేయిస్తాడనుకోండి, కాగితం మీద సంతకం మాత్రం ఆయనదే. మిషిగన్ కౌంటీల్లో డ్రెయిన్ కమిషనర్‌ని కూడా ఓటేసే ఎన్నుకుంటారు. మురుగుకాలవ పొంగితే నేరుగా ఫలానా ఆయన్ని తిట్టొచ్చు. ఈ ఏర్పాటు ఒక్కటీ మా ఊరికి తెచ్చుకోవాలని ఉంది.

నల్లరేగడి రాసినది:

అన్నా, గీ నియోజకవర్గాల గీతలెవలు గీస్తరో జెర చెప్పుండ్రి. మ్యాప్ జూస్తే పాము పాకినట్టున్నది.

లెక్కలమాస్టారు రాసినది:

ఎక్కువ రాష్ట్రాల్లో గీసేది ఆ రాష్ట్ర శాసనసభే తమ్ముడూ. అంటే ఎవరి సీటు ఎలా ఉండాలో వాళ్ళే గీసుకుంటారు. కంచే చేను మేయడమంటే ఇదే. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం చేసిన మ్యాపులో ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి జీవి ఆకారంలో ఉందట. రెండు పేర్లూ కలిపి పత్రికలవాళ్ళు జెర్రీమాండర్ అన్నారు, ఆ మాటే నిలిచిపోయింది.

పద్ధతి చెబుతాను. ఎదుటి పార్టీ ఓటర్లు గుట్టగా ఉన్నచోట వాళ్ళనంతా ఒకే సీటులో కుక్కేస్తారు. అక్కడ వాళ్ళు 80 శాతంతో గెలుస్తారు, మిగతా ఓట్లన్నీ వృథా. లేదా ఆ గుట్టని నాలుగు ముక్కలు చేసి నాలుగు సీట్లలో పంచేస్తారు, ఎక్కడా గెలవరు. 2019లో సుప్రీంకోర్టు, పార్టీ లాభం కోసం గీసే గీతల జోలికి ఫెడరల్ కోర్టులు రావు అని తేల్చేసింది. జాతి ఆధారంగా గీస్తే మాత్రం కేసు నిలుస్తుంది. అందుకే గీసినవాళ్ళు కోర్టుకొచ్చి "మేం చూసింది జాతి కాదు మహాప్రభో, పార్టీయే" అని గట్టిగా వాదిస్తారు. తప్పు ఒప్పుకోవడమే అక్కడ రక్షణ.

మామూలుగా పదేళ్ళకోసారి జనగణన తర్వాత గీస్తారు. 2025 ఆగస్టులో టెక్సస్ మధ్యలోనే మళ్ళీ గీసింది, రిపబ్లికన్లకి ఐదు సీట్లు కలిసొచ్చేలా. దానికి జవాబుగా నవంబరులో కాలిఫోర్నియా ప్రొపొజిషన్ 50 అని ఓటు పెట్టి డెమొక్రాట్లకి అనుకూలంగా గీసుకుంది. మన దగ్గర ఆ పనికి డీలిమిటేషన్ కమిషన్ వేస్తారు, పదవిలో ఉన్న లేదా రిటైరైన సుప్రీంకోర్టు జడ్జి దానికి పెద్ద. లోక్‌సభ సీట్లు పెరిగితే దక్షిణాదికి అన్యాయం అని మనం కొట్టుకుంటున్నాం కానీ, గీతలు గీసే పెన్సిలు ఎమ్మెల్యేల చేతికిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

టెక్సస్‌లో ఓటున్న పిల్లలకి చిన్న పని: పాత నియోజకవర్గం నంబరు నమ్ముకోకుండా కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రసు కొట్టి చూసుకోవాలి. చాలా ఇళ్ళకి నియోజకవర్గం నంబరు మారింది.

పచ్చజొన్న రాసినది:

ఇక ప్రమాదం దగ్గరికొద్దాం. మిగతావి చదవకపోయినా ఇది చదవండి.

అమెరికా పౌరులు కానివాళ్ళు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం నేరం. గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. ఎవరూ కావాలని చేయరు, దొర్లేది డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో. 1993 చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చేచోటే ఓటరుగా నమోదు చేయించే వీలుంది. కౌంటర్ మనిషి గబగబా ప్రశ్నలడుగుతూ పోతాడు: అవయవదానం చేస్తారా, అడ్రసు ఇదేనా, ఓటు నమోదు చేయమంటారా. మనవాళ్ళు అన్నిటికీ నవ్వుతూ ఎస్ ఎస్ అంటారు. అదే కొంప ముంచుతుంది. హెచ్-1బి, ఎఫ్-1, గ్రీన్‌కార్డు, విజిటర్, ఎవరైనా సరే ఆ ప్రశ్న దగ్గర ఆగి "నో, నేను సిటిజన్‌ని కాదు" అనాలి. సంతకం పెట్టేముందు తెర మీద పౌరసత్వం గడిలో ఏముందో చూడాలి.

పొరపాటున ఓటరు కార్డు పోస్టులో వచ్చేసిందా? చించి పారేయొద్దు, ఊరికే దాచుకోవద్దు. కౌంటీకి రాతపూర్వకంగా రద్దు చేయమని రాయాలి, కాపీ పెట్టుకోవాలి, ఇమిగ్రేషన్ లాయరుకి చూపించాలి. రేపు పౌరసత్వం దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అనే ప్రశ్న ఉంటుంది. ఓటు వేసేసి ఉంటే దేశం నుంచి పంపేసే కారణం కూడా అవుతుంది.

రెండోది విరాళం. విజిటర్లు, విద్యార్థులు, హెచ్-1బి వాళ్ళు ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు ఇవ్వకూడదు, గ్రామ స్థాయి ఎన్నికలో కూడా. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు: ఈ విడత పరిమితి ఫెడరల్ అభ్యర్థికి ఒక ఎన్నికకి 3,500 డాలర్లు, ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నిక) వేరు, అసలు ఎన్నిక వేరు. ఇంకో మెలిక ఉంది. అభ్యర్థి సొంత వెబ్‌సైట్‌లో టోపీయో టీషర్టో కొంటే అది కూడా విరాళం కిందే లెక్క. ఊరెళ్ళేటప్పుడు బావమరిదికి ట్రంప్ మార్కు ఎర్రటోపీ తీసుకెళ్ళాలనిపిస్తే రోడ్డు పక్క బండి దగ్గర కొనుక్కోండి.

జీతం లేకుండా స్వచ్ఛందంగా తలుపులు తట్టడం, ఫోన్లు చేయడం విదేశీయులకీ చెల్లుతుంది. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే మాటల్లో మాత్రం వేలు పెట్టకూడదు.

బందరులడ్డు రాసినది:

టోపీ కొనడం నేరం, టోపీ వేయడం నేరం కాదు. బాగుంది.

తుంగభద్ర రాసినది:

టోపీ పెట్టుకుని పోలింగ్ బూత్‌కి వెళ్తే?

పచ్చజొన్న రాసినది:

టెక్సస్‌లో బూత్ తలుపు నుంచి వంద అడుగుల లోపల ప్రచారపు టోపీ కుదరదు. బ్యాలెట్ మీదున్న అభ్యర్థి, పార్టీ పేరుతో చొక్కా, బ్యాడ్జీ ఏవీ కుదరవు. చాలామంది చొక్కా తిరగేసి తొడుక్కుని వెళ్తారు. ఊరికే నిలబడి ముచ్చట్లాడటం కూడా ఆ గీత లోపల నిషేధమే. ఓటేసేచోట ఫోన్ తీయకూడదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఓటరు వెంట తీసుకెళ్ళొచ్చు కానీ చూడ్డానికొచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళడానికి లేదు. వాళ్ళు కారులోనే కూర్చోవాలి.

గుర్తింపు కార్డు దగ్గర ఇంకో విచిత్రం. టెక్సస్‌లో తుపాకీ లైసెన్సు చూపిస్తే ఓటు వేయనిస్తారు. యూనివర్సిటీ విద్యార్థి కార్డు చెల్లదు.

గోదారిగట్టు రాసినది:

మన దగ్గర పోలింగ్‌కి 48 గంటల ముందు ప్రచారం బంద్, మందు షాపులు బంద్. వేలికి సిరా. అక్కడ చివరి నిమిషం దాకా ప్రచారమే, బార్లు తెరిచే ఉంటాయి, సిరా లేదు. "నేను ఓటేశాను" అని ఒక స్టిక్కరు ఇస్తారు. పెద్దలు కూడా దాన్ని గుండెల మీద అంటించుకుని ఆఫీసుకెళ్తారు, ఎల్కేజీలో స్టార్ ఇచ్చినట్టు. మంగళవారం, దేశం మొత్తానికి సెలవు కూడా కాదు. ఆ మంగళవారం సంగతి 1845 చట్టం: ఆదివారం చర్చి, బుధవారం సంత, మధ్యలో బండి కట్టుకుని కౌంటీ కేంద్రానికి రావడానికి ఒక రోజు. ఎడ్లబండ్లు పోయాయి, మంగళవారం మిగిలింది.

ఇంకోటి వినండి. స్టిక్కరు చూపిస్తే డోనట్ ఫ్రీ అని దుకాణం వాళ్ళు ప్రకటిస్తే, ఫెడరల్ ఎన్నికలో అది ఓటుకి ప్రతిఫలం ఇచ్చినట్టే. అందుకని తెలివైన దుకాణాలు "ఈ రోజు అందరికీ ఫ్రీ" అని బోర్డు మార్చుకుంటాయి. ఓటుకి వేలు పంచినా నోరెత్తని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఈ డోనట్ దగ్గరే కళ్ళు తిరుగుతాయి.

బందరులడ్డు రాసినది:

నోటా ఉందా?

లెక్కలమాస్టారు రాసినది:

నెవాడాలో ఒక్కచోటే, 1975 నుంచి. 2024 ఫిబ్రవరిలో అక్కడి రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్ పేరు లేదు, నిక్కీ హేలీ పేరుంది. మొదటి స్థానం "వీరిలో ఎవరూ కాదు"కి వచ్చింది, ఆవిడకి రెండోది.

నల్లరేగడి రాసినది:

ఇంటిముంగట బోర్డుల ముచ్చట నేను జెప్త. 18 అంగుళాలు ఇంటూ 24 ఉంటది, ప్లాస్టిక్ షీటు, కింద ఇనుప తీగ ఫ్రేము, గడ్డిల గుచ్చుడే. గెస్ట్‌లొచ్చి ఎవల ఇంటిముంగట ఎవల బోర్డున్నదో జూసి దోస్తాన్ జేస్తున్నరు, గట్ల జేయొద్దు. ఇంకోటి, మన పిల్లలుండే కాలనీలల్ల హెచ్‌ఓఏ అని ఇంటి ఓనర్ల సంఘం ఉంటది. గడ్డి ఎత్తు, గ్యారేజీ రంగు, చెత్త డబ్బా ఎన్నడు బైట పెట్టాల్నో గూడ ఆళ్ళే జెప్తరు. బోర్డు తీసెయ్యమంటే తీసెయ్యాల్సిందే, లేకుంటే జుర్మానా.

పచ్చజొన్న రాసినది:

చివరి మాట ఒక్కటీ సరిచేయాలి అన్నా, కనీసం టెక్సస్ వరకు. అక్కడ రాజకీయ బోర్డులు తీయమనే హక్కు హెచ్‌ఓఏకి లేదు. ఎన్నికకి 90 రోజుల ముందు నుంచి 10 రోజుల తర్వాత దాకా పెట్టుకోనివ్వాలి. ఈసారి లెక్క వేస్తే ఆగస్టు 5 నుంచి నవంబరు 13. షరతులు: నేలలో గుచ్చాలి, ఒక్కో అభ్యర్థికి ఒకటే, నాలుగడుగులు ఇంటూ ఆరడుగులు దాటకూడదు. చెట్టుకి కట్టినా, బెలూన్లు తగిలించినా సంఘం అడ్డుచెప్పొచ్చు.

జాతీయ జెండా సంగతి ఇంకా తమాషా. స్వేచ్ఛా దేశంలో సొంత ఇంటిముందు దేశం జెండా ఎగరేసుకోవడానికి హెచ్‌ఓఏలు అడ్డుపడకూడదని 2006లో కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) ప్రత్యేకంగా చట్టం చేయాల్సొచ్చింది. గుమ్మానికి తోరణం, దేవుడి పటం లాంటి మతపరమైన గుర్తులకి కూడా టెక్సస్ చట్టం రక్షణ ఇస్తుంది. రంగు, పెరటి షెడ్డు, కంచె, వీటి మీద మాత్రం సంఘం మాటే వేదం.

నల్లరేగడి రాసినది:

సరే తమ్మీ, ఒప్పుకున్న. జుర్మానా లెటర్ పట్టుకొని భయపడేటోళ్ళకు ఈ తారీఖులు పనికొస్తయ్.

పాలపిట్ట రాసినది:

జెండా మాటొచ్చింది కాబట్టి ప్రతిజ్ఞ గురించి. టెక్సస్ బడుల్లో పిల్లలు రోజూ అమెరికా జెండాకి ఒక ప్రతిజ్ఞ, టెక్సస్ జెండాకి ఇంకో ప్రతిజ్ఞ చెప్పి, తర్వాత ఒక నిమిషం మౌనం పాటిస్తారు. తల్లిదండ్రులు రాసిస్తే చెప్పనక్కర్లేదు. మనవడు గుండె మీద చెయ్యి పెట్టుకుని అప్పజెబుతుంటే తాత అమ్మమ్మలు ముచ్చటపడతారు, దాని వెనక కథ తెలిస్తే ఇంకా ముచ్చటపడతారు.

ఫ్రాన్సిస్ బెల్లమీ అనే పాస్టరు 1892లో ఒక పిల్లల పత్రిక కోసం రాశాడు. ఆ పత్రిక బడులకి జెండాలు అమ్మేది. కొలంబస్ వచ్చి 400 ఏళ్ళయిన సందర్భంగా జెండా వందనం పెడితే జెండాలు అమ్ముడవుతాయి, పిల్లలకి దేశభక్తీ వస్తుంది. బెల్లమీ సోషలిస్టు. ఆ మాట ఇప్పుడు ఆ ప్రతిజ్ఞ చెప్పే సభల్లో అంటే కుర్చీలు లేస్తాయి. మొదట్లో పిల్లలు జెండా వైపు చెయ్యి చాచి చెప్పేవాళ్ళు. హిట్లర్ మనుషులూ అచ్చం అలాగే చెయ్యి చాచేసరికి 1942లో చెయ్యి గుండె మీదికొచ్చింది. "దేవుని నీడలో" అన్న మాట 1954లో చేర్చారు, కమ్యూనిస్టు రష్యాతో తేడా కనపడాలని. అంటే సోషలిస్టు రాసినదానికి కమ్యూనిస్టుల మీద కోపంతో దేవుణ్ణి చేర్చారన్నమాట. బడిపిల్లల చేత బలవంతంగా చెప్పించకూడదని 1943లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మన "భారతదేశం నా మాతృభూమి" రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారిది మా నల్లగొండ జిల్లా అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా తెలుగులోనే రాశారు. ఆయన జెండాలు అమ్మలేదు. పేరు పుస్తకాల్లోకి ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది.

గోదారిగట్టు రాసినది:

ఆ జెండాతో చెడ్డీలు కుట్టుకుంటారు, పేపర్ ప్లేట్లు, న్యాప్‌కిన్లు చేసి మూతి తుడుచుకుంటారు. వాళ్ళ జెండా నియమావళిలో బట్టలకీ న్యాప్‌కిన్లకీ వాడరాదనే ఉంది, కానీ శిక్ష లేదు. నిరసనగా జెండా కాల్చడం కూడా భావప్రకటనేనని 1989లో తీర్పు. మన దగ్గర 1971 చట్టం కింద మూడేళ్ళ దాకా లోపలే. కాబట్టి పంద్రాగస్టుకి ఇండియాలో వేసుకోవడానికి అక్కడి ఫ్యాషన్ చూసి మూడు రంగుల షార్ట్స్ ఆర్డర్ పెట్టకండి.

తుంగభద్ర రాసినది:

రాజకీయం ఒక పక్క పెట్టి జేబు సంగతి చెప్పండి. బిల్లు ఎప్పుడూ మెనూలో ఉన్నదానికి సరిపోదు కదా.

లెక్కలమాస్టారు రాసినది:

రెండు కారణాలు: అమ్మకపు పన్ను, టిప్పు.

పన్ను అట్ట మీద ధరలో కలిసి ఉండదు. రాష్ట్రం కొంత, ఊరు కొంత వేస్తాయి. టెక్సస్‌లో రాష్ట్రానికి 6.25, స్థానికంగా 2 దాకా, మొత్తం 8.25 శాతం మించదు. ఓరెగాన్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, డెలావేర్‌లలో రాష్ట్ర పన్ను సున్నా. టెక్సస్‌లో బియ్యం, పప్పు, కూరగాయల మీద పన్ను పడదు. అదే ఇండియన్ స్టోరులో కౌంటర్ దగ్గర వేడివేడి సమోసా కొంటే పడుతుంది, స్టీలు గిన్నె కొన్నా పడుతుంది, కూల్‌డ్రింకుకీ పడుతుంది. రసీదులో రెండు రకాలూ కలిసుంటాయి కాబట్టి మొత్తం మీద 8.25 లెక్క వేసి షాపువాడితో గొడవకి దిగకండి.

టిప్పు దయ కాదు, జీతంలో భాగం. ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 నుంచి కదల్లేదు. టిప్పులొచ్చే పనివాళ్ళకి యజమాని ఇవ్వాల్సింది 2.13 మాత్రమే, అది 1991 నుంచి కదల్లేదు. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే తేడా యజమాని పూడ్చాలి. టెక్సస్ ఈ లెక్కే పాటిస్తుంది. కాలిఫోర్నియాలో పూర్తి వేతనం ఇవ్వాలి, అయినా టిప్పు శాతం తగ్గదు. అదెందుకని అడిగితే జవాబు లేదు, అలవాటు.

నలభై డాలర్ల భోజనం చేశారనుకోండి. పన్ను 3.30. టిప్పు 20 శాతం, పన్ను కలపక ముందు మొత్తం మీద, 8.00. వెరసి 51.30. కార్డు ఇస్తే ముందు 43.30కి గీకి చీటీ తెస్తారు. టిప్ గీత మీద 8.00, టోటల్ గీత మీద 51.30 రాసి సంతకం పెట్టాలి. టోటల్ గీత ఖాళీగా వదలకండి. ఫోన్‌కి మొదట 43.30 అని మెసేజ్ వస్తుంది, రెండు మూడు రోజుల్లో 51.30గా మారుతుంది. అది మోసం కాదు. ఆరుగురో ఎనమండుగురో కలిసి వెళ్తే 18 శాతం గ్రాట్యుటీ అని బిల్లులోనే వేసేస్తారు, దాని కిందే మళ్ళీ టిప్ గీత ఉంటుంది. చూడకుండా రాస్తే రెండుసార్లు ఇచ్చినట్టు. మీరే నిలబడి ఆర్డరిచ్చి మీరే తెచ్చుకునే చోట తెర తిప్పి 18, 20, 25 అని అడిగితే "నో టిప్" నొక్కడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇందులోకీ రాజకీయం వచ్చింది లెండి. 2025 చట్టం ప్రకారం 2028 దాకా టిప్పుల్లో ఏడాదికి 25,000 డాలర్ల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు. కనీస వేతనం పెంచడం కంటే అది తేలిక.

పాలపిట్ట రాసినది:

అక్టోబరులో వచ్చేవాళ్ళు షట్‌డౌన్ (ఖర్చుల బిల్లు పాసవక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం) గురించి అడుగుతారు. 2025లో అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు. అంతకుముందు రికార్డు 35.

పచ్చజొన్న రాసినది:

మన దగ్గర ద్రవ్య బిల్లు ఓడితే ప్రభుత్వం పడిపోతుంది. అక్కడ ప్రభుత్వం పడిపోదు, ప్రభుత్వానికి తాళం పడుతుంది. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా ఖర్చుల బిల్లులు పాసవ్వాలి, సెనేట్‌లో మామూలుగా వందలో 60 ఓట్లు ఉంటేగానీ చర్చ ముగించి ఓటింగ్‌కి రాలేరు, అరవై ఏ పార్టీకీ ఉండవు. 1980కి ముందు బిల్లు ఆలస్యమైనా ఆఫీసులు నడిచేవి. ఆ ఏడాది అటార్నీ జనరల్ సివిలెట్టి "డబ్బు మంజూరు కాకుండా పని చేయించడం చట్టవిరుద్ధం" అని అభిప్రాయం రాశారు, అప్పట్నుంచీ ఈ తాళాలు.

విమానాశ్రయంలో తనిఖీ సిబ్బంది, విమానాలకి దారి చూపే కంట్రోలర్లు జీతం రాకుండానే పనిచేయాలి. 2025 నవంబరులో పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించారు. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియాలు మూతపడ్డాయి. హైదరాబాద్ కాన్సులేట్ వీసా పని, విజిటర్ గడువు పొడిగింపు దరఖాస్తులు ఫీజుల డబ్బుతో నడుస్తాయి కాబట్టి సాధారణంగా ఆగవు. హెచ్-1బికి కావాల్సిన ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద యజమాని తీసుకోవాల్సిన ఆమోదం) ఇచ్చేది కార్మిక శాఖ, దానికి బడ్జెట్ డబ్బు కావాలి, 2025లో అది ఆగింది. ఉద్యోగం మారబోయే పిల్లలు సెప్టెంబరు 30 లోపే ఎల్‌సీఏ చేయించుకుంటే మంచిది.

కాంగ్రెస్ సభ్యుల జీతం మాత్రం ఆగదు. బిల్లు పాస్ చేయనివాళ్ళకి నెల తిరిగేసరికి డబ్బు పడుతుంది.

బందరులడ్డు రాసినది:

పక్కింటి దొరగారిని "మీ ఓటెవరికి" అని అడగొచ్చా?

పాలపిట్ట రాసినది:

అడగకూడదు. జీతం, ఓటు, రెండూ అడగరు. చిత్రమేంటంటే టెక్సస్‌లో ఆయన ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారో ప్రభుత్వ జాబితాలోనే ఉంటుంది, పార్టీలవాళ్ళు దాన్ని కొనుక్కుని ఇంటింటికీ తిరుగుతారు. తలుపు తట్టే కుర్రాడికి తెలిసిన సంగతి పక్కింటివాళ్ళు అడిగితే మర్యాద కాదు.

నల్లరేగడి రాసినది:

నవంబర్ 13 తర్వాత బోర్డులేం జెయ్యాలె? చెత్త డబ్బాల ఏస్తె తీస్కపోతరా?

గోదారిగట్టు రాసినది:

ఆ ప్లాస్టిక్ షీటు చాలా ఊళ్ళలో రీసైకిల్ డబ్బాలో వేయనివ్వరు, మామూలు చెత్తలోకే. తీగ ఫ్రేము మాత్రం పారేయకండి. రెండు కాళ్ళు నేలలో దిగి నిటారుగా నిలుస్తుంది. మార్చి ఆఖరులో చలి పోయాక పెరట్లో టమాటా మొక్క పక్కన గుచ్చితే ఊతంగా సరిపోతుంది. బీరపాదుకి చాలదు, దానికి పందిరే కావాలి.